పడవకా? దీపానికా?

2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్రలు ఒక్కసారిగా పొంగినప్పుడు నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపురం ప్రాంతం, రాజోలి గ్రామం జలమయమయ్యాయి. అటువంటి వేళ దీపం ఆరిపోవడమూ, పడవ అవసరపడడమూ ఒకే రాత్రి జరుగుతాయి.

నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ జలాశయపు ఒడ్డున ఇంజను పడవలు నడిపేవారి ఇండ్లలో డీజిలు డబ్బాలు నిల్వ ఉండడం సహజమే. కరెంటు పోయిన రాత్రి ఆ డీజిలుతో జనరేటరు నడపవచ్చునా అంటే, నడపవచ్చుననడమే న్యాయం. కూడదని శాసించడం చీకటిలో కూర్చోనివారికి సులభం. అయితే డీజిలు ఇంజనుకు మాత్రమే ఆ ఇంధనం తగును. చిన్న జనరేటర్లు అనేకం పెట్రోలువి. వాటిలో డీజిలు పోస్తే చెడిపోతాయి. వానకు తడుస్తుందని జనరేటరును వసారాలోనికి తేవడం అంతకంటె పెద్ద పొరపాటు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీయగలదు. మెయిన్ స్విచ్చి ఆపకుండా దానిని ఇంటి తీగలకు కలిపితే, విద్యుత్తు బయటి తీగలలోనికి ఎదురు ప్రవహించి, స్తంభమెక్కిన లైన్‌మన్‌ను బలిగొనవచ్చు. ఒక ఇంటి వెలుగు మరొక ఇంటి దీపాన్ని ఆర్పరాదు కదా!

ఇన్ని జాగ్రత్తలు పాటించినా, వరద కాలంలో ఆ ఇంధనంపై మొదటి హక్కు పడవదే. రాత్రంతా ఫ్యాను, టీవీ నడిపి డబ్బా ఖాళీ చేసిన ఇల్లు, తెల్లవారుజామున నొప్పులు పడే గర్భిణిని ఒడ్డుకు చేర్చలేదు. ఒక దీపం, సెల్‌ఫోను, తాగునీటి మోటారు, ఇంతవరకు గంటో రెండు గంటలో నడుపుకొనవచ్చును. పడవ ఆవలి ఒడ్డుకు పోయి రావడానికి చాలినంత డీజిలును ముందే లెక్కగట్టి, డబ్బాపై ఒక గీత గీయాలి. ఆ గీతకు దిగువనున్నది పడవదని ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.