ఎర్ర కారు, ఎండ, ఒక పలుచని పొర

ఒక వస్తువు ఎర్రగా కనిపించడమంటే, తన మీద పడిన వెలుగులో ఎరుపును వెనక్కి పంపి, నీలాన్నీ ఆకుపచ్చనూ తనలో ఇముడ్చుకోవడమే. కంటికి కనిపించే వెలుగులో ఎరుపు వైపు శక్తి తక్కువ, నీలం వైపు సాగేకొద్దీ ఎక్కువ. కాబట్టి ఎర్ర రంగు బలహీనమైన కిరణాలను వదిలేసి బలమైన వాటిని మీద వేసుకుంటుంది. వీటికి తోడు అతినీలలోహిత కిరణాలు, అంటే ఊదా రంగుకు అవతల ఉండి అంతకన్నా ఎక్కువ శక్తి గల కిరణాలు, ఏ రంగునూ విడిచిపెట్టవు. గోడ మీది సినిమా పోస్టరులో ఎరుపూ పసుపూ ముందుగా ఎగిరిపోయి కథానాయకుడు నీలిమేఘశ్యాముడై మిగలడానికి కొంతవరకు ఇదే కారణం. ఎర్ర కారు కొంటే నాలుగు వేసవులు తిరిగేసరికి గులాబీ రంగుకు దిగుతుందన్న పాత సలహా ఇలాంటి అనుభవాల నుంచి పుట్టినదే గాని, ఇప్పటి కార్ల విషయంలో దానిని చాలావరకు సవరించుకోవలసి ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా ఎక్కువ వేడెక్కుతుందన్న మాటకైతే ఆధారమే లేదు. ఆ వరుసలో మొదటి స్థానం నలుపుది.

ఎరుపులన్నీ ఒక్క జాతివి కావు. పల్లెల్లో మట్టిగోడలకు పూసే జాజు, అంటే ఇనుప ఆక్సైడు కలిసిన ఎర్రమన్ను, ఎండకు వెలవదు. భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్ట రాళ్ల మీద ఆదిమానవులు గీసిన ఎర్ర బొమ్మలు నేటికీ కనిపిస్తున్నాయి. ఇనుము అప్పటికే ఆక్సిజన్‌తో కలిసి స్థిరపడింది గనుక, అందులో ఎండ కొత్తగా విడగొట్టగలిగేది దాదాపు ఏమీ ఉండదు. అయితే ఆ రంగు ఇటుక ఛాయది, కారు కొనేవారు కోరే నిగనిగలాడే ఎరుపు కాదు. ఆ నిగనిగ కర్బన అణువులతో తయారైన సేంద్రియ వర్ణకాల నుంచి వస్తుంది. వర్ణకమంటే రంగునిచ్చే మెత్తని పొడి. వెనకటి చవక వర్ణకాలలో రంగుకు మూలమైన నత్రజని బంధాన్ని ఎండ తెంచేది, బంధంతో పాటు రంగూ పోయేది. 1958లో డ్యూపాంట్ సంస్థ మార్కెట్లోకి తెచ్చిన క్వినాక్రిడోన్ వర్ణకాలు, 1980లలో సీబా గైగీ తెచ్చిన, తరువాత వ్యాపారుల నోట ‘ఫెరారీ ఎరుపు’గా స్థిరపడిన మరొక వర్ణకం ఈ పరిస్థితిని మార్చివేశాయి.

అంతకన్నా పెద్ద మార్పు రంగు మీద వచ్చిన పారదర్శకమైన పొర. పాత కార్లలో రంగే పై పొర. ఎండకు దాని జిగురు పదార్థం చివికి వర్ణకం పొడిపొడిగా పైకి తేలేది, గుడ్డతో తుడిస్తే గుడ్డ ఎర్రబడేది. నేటి కార్లలో ప్రైమరు, దాని మీద రంగు, ఆ పైన క్లియర్ కోటు ఉంటాయి. ఫ్యాక్టరీలో వేసిన పొరలన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోటు వాటా 40 లేక 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా పలుచన. దీనిలో రెండు రకాల రక్షకాలు కలిపి ఉంటాయి: అతినీలలోహిత కిరణాలను తామే పీల్చుకుని వేడిగా మార్చేవి కొన్ని, ఆ కిరణాల తాకిడికి పుట్టి పొరను చీల్చే చంచలమైన అణుశకలాలను పట్టి నిలిపేవి మరికొన్ని. మొదటి రకం ఏళ్ల తరబడి తరుగుతూ పోతుంది. కాబట్టి నేటి ఎర్ర కారు సంరక్షణ అంటే, నిజానికి, ఎరుపును కాదు, ఈ పొరను కాపాడుకోవడం.

ఈ లెక్కలో చూస్తే మెరుపు కోసం తరచుగా చేయించే రబ్బింగ్ పాలిష్ మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది, ఎందుకంటే అది గీతలను పోగొట్టడమంటే గీత లోతు వరకు క్లియర్ కోటును అరగదీయడమే, అరిగినది తిరిగి రాదు. మైనం సంగతి వేరు. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం పొరను అరగదీయదు, కాని మన వేసవిలో కొద్ది వారాలకే పలచబడుతుంది. కారు చేతికిచ్చే రోజునే కొందరు అంటగట్టజూసే సిరామిక్ కోటింగు నీరు, మురికి అంటకుండా చూడటంలో పనికివస్తుంది గాని, ఒకటి రెండు మైక్రాన్ల ఆ పూత ఎండను ఆపుతుందని ఆశించడం అత్యాశ. దాని ప్రకటనల్లో కనిపించే ‘9హెచ్’ కూడా పెన్సిల్ గీత పరీక్షకు సంబంధించిన కొలతే తప్ప వజ్రాలను కొలిచే కాఠిన్యపు కొలత కాదు. టెఫ్లాన్ అన్న పేరుతో అమ్మే పాలిష్ విషయంలో ఒక్క మాట చాలు: ఆ పదార్థం కరిగి పూతగా అతుక్కోవడానికి సుమారు 327 డిగ్రీల సెల్సియస్ కావాలి, షెడ్డులో నిలబెట్టిన కారుకు ఆ వేడి ఎవరూ ఇవ్వలేరు. 150 మైక్రాన్లకు పైబడిన పాలియురేథేన్ ఫిల్మ్ మాత్రం నిజంగానే అడ్డు నిలుస్తుంది, ధర కూడా ఆ మేరకే ఉంటుంది.

వీటన్నిటి కన్నా చవకైనదీ బలమైనదీ నీడ. అయితే చెట్టునీడను గుడ్డిగా నమ్మకూడదు. ఎండకు మెత్తబడిన క్లియర్ కోటు మీద కాకిరెట్ట పడి ఎండితే, చల్లబడేటప్పుడు పొర దాని ఆకారానికి బిగుసుకుని మచ్చ శాశ్వతమవుతుంది. అటువంటి రెట్టను గీకకుండా తడిగుడ్డ వేసి నానబెట్టి తీయాలి. రేకుల షెడ్డు గాని సెల్లారు గాని దొరికినవారు అదృష్టవంతులు. ఆరుబయట నిలిపేవారికి కారు కవరే దిక్కు, అది కూడా దుమ్ము కడిగిన తరువాత కప్పినదైతేనే, లేకపోతే గాలికి కదిలే కవరు గరుకు కాగితం పని చేస్తుంది. అపార్ట్‌మెంట్లలో తెల్లవారుజామున పొడిగుడ్డతో దులిపి, ఒకే బకెట్టు నీళ్లతో నాలుగు కార్లు తుడిచే పద్ధతిది కూడా ఇదే కథ, అయితే తప్పు ఆ పని చేసేవారిది కాదు, నెలకు కొన్ని వందలిచ్చి రోజూ మెరుపు కోరేవారిది. బోరునీళ్లలోని సున్నం ఎండలో ఆరితే మిగిల్చే తెల్ల చుక్కలు ముదురు ఎరుపు మీద మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి గనుక, కడిగిన వెంటనే నీడలో తుడవడం మంచిది.

పాత కార్ల బేరంలో తలపండినవారు ఎర్ర కారును చూసేటప్పుడు బానెట్ మెరుపును పెద్దగా పట్టించుకోరు. పెట్రోలు మూత తెరిచి, ఎండ ఎన్నడూ చూడని ఆ లోపలి ఎరుపును పక్కనున్న పై రంగుతో సరిపోల్చి, ఆ తరువాతే ధర మాట ఎత్తుతారు.