పల్నాడులో ఏడు సీట్లు, ఒక్కటీ రిజర్వుడు కాదు

మాచర్ల, గురజాల, నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ, చిలకలూరిపేట, పెదకూరపాడు: పల్నాడు జిల్లా మొత్తంలో ఒక్క ఎస్సీ రిజర్వుడు అసెంబ్లీ స్థానం లేదు. 2008 పునర్విభజనలో ఉమ్మడి గుంటూరు జిల్లాను యూనిట్‌గా తీసుకుని, ఎస్సీ జనాభా శాతం చూసి తాడికొండ, వేమూరు, ప్రత్తిపాడులను రిజర్వు చేశారు. మూడూ పల్నాడుకు తూర్పునే.

బ్రహ్మనాయుడి చాపకూడునూ, మాల కన్నమదాసు సేనానాయకత్వాన్నీ ఏటా కారంపూడిలో తలచుకునే నేల ఇది. ఆ తలపు టికెట్ల దాకా రాదు. మాచర్లలో నాలుగుసార్లు గెలిచిన పిన్నెల్లి రామకృష్ణారెడ్డిని 2024లో జూలకంటి బ్రహ్మానందరెడ్డి ఓడించారు. జెండా మారింది, అంతే.

2022 ఏప్రిల్ 4న పల్నాడు వేరే జిల్లా అయింది. వచ్చే పునర్విభజనకూ జిల్లానే యూనిట్ అయితే, ఇక్కడి ఎస్సీల వాటా ఇక్కడే తేలాలి. మండలాలవారీ జనాభా లెక్కలు ఇప్పుడే తీసి పెట్టుకుందాం.