పెరటి పండు - మోకాలి నొప్పి

వానలు వెనుకబట్టిన తరువాత శంషాబాదు దగ్గర కర్నూలు రహదారి ప్రక్కన కొంతసేపు నిలబడి చూడండి. సీతాఫలముల గంపలు పట్నమునకు పోవుచుండును. పండించిన యింటిలో పిల్లలకు పగిలిన కాయ దక్కును, పెద్దలకు అదియు లేదు. మంచి కాయ పట్నమునకు పంపి, మోకాళ్ల నొప్పికి మాత్రల పొట్లము అక్కడినుండియే తెచ్చుకొనుచున్నాము. ఈ బేరము నాకు లాభసాటిగా తోచదు.

ఒకప్పుడు హైదరాబాదు చుట్టుప్రక్కల అనాబెషాహి ద్రాక్ష పందిళ్లు విరివిగా నుండెడివి. 2008 మార్చిలో శంషాబాదులో విమానాశ్రయము ప్రారంభమైనది. దాని స్థలమే సుమారు 5,500 ఎకరాలు. చుట్టుపట్ల పొలములు పెక్కు ప్లాట్లయినవి. పొలము పోయినవారికి కూడ పెరడు మిగిలియున్నది గదా!

పండ్లు తిన్న కీళ్లవాతము కుదురునని చెప్పువారిని నమ్మకండి. అరిగిన మోకాలిని ఏ పండును తిరిగి పెంచజాలదు. అయితే బరువు తగ్గుటకు పండు సాయపడును. శరీరపు బరువు ఒక కిలో తగ్గిన, అడుగడుగునకు మోకాలిపై భారము సుమారు నాలుగు కిలోలు తగ్గునని 2005లో పరిశోధకులు లెక్కగట్టిరి. సాయంకాలము మిరపకాయ బజ్జీలు మాని జామకాయ తినువారి మోకాలికి అదే మేలు. యూరికామ్లము పేరుకొని కాలి బొటనవ్రేలు వాచువారు సారా, బీరు మానవలెను. సీసాలలో అమ్ము తీపి రసములు కూడ వారికి చెరుపే. ఇక పేరు ఊరు లేని నొప్పుల పొడులున్నవి. అట్టివానిలో స్టెరాయిడ్లు కలిపిన సంగతి పలుమార్లు బయటపడినది. వాని జోలికి పోరాదు.

జీర్ణకోశము మాట వేరు. ఇక్కడ పండు నిజముగా పనిచేయును. జామలో పీచు మెండు, విటమిన్ ‘సి’ నారింజలోకంటె ఎన్నోరెట్లు ఎక్కువ. మలబద్ధమునకు జామ, పండిన బొప్పాయి, వానితో పాటు చాలినంత నీరు మంచివి. బొప్పాయిలో అరుగుదలకు తోడ్పడు పపేయిను పచ్చికాయ పాలలోనే హెచ్చు. పండులో అది స్వల్పము, మేలుచేయునది పీచే. విరేచనములు పట్టుకొన్న మొదట ఓఆర్ఎస్ నీరు త్రాగించి, తరువాత అరటిపండు పెట్టవచ్చును. మధుమేహము గలవారు సీతాఫలము మితముగా తినవలెను. మూత్రపిండముల జబ్బు గలవారు ఏ పండైనను వైద్యుని అడిగియే తినవలెను. కార్బైడుతో మాగబెట్టుట చట్టవిరుద్ధము. అమ్మువారును, కొనువారును గుర్తుంచుకొనవలెను.

మనిషికి రోజుకు 100 గ్రాముల పండ్లు కావలెనని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సలహా. అయిదుగురున్న యింటికి ఏడాదికి సుమారు 180 కిలోలు! కొని తినవలెనన్న భారమే. పెరటిలో రెండు జామ, ఒక నిమ్మ, నాలుగు బొప్పాయి చెట్లున్న చాలవరకు తీరును.

గ్రామ కార్యదర్శులకు ఒక మనవి. నర్సరీలలో నీడ మొక్కలతో పాటు జామ అంట్లు, ఉసిరి మొక్కలు కూడ ఉంచి ఇంటింటికి ఇప్పించండి. జామలో అలహాబాదు సఫేదా, లక్నో-49 మంచి రకములు. వేసవిలోనే 60 సెంటీమీటర్ల గుంత త్రవ్వి ఎండనిచ్చి, తొలకరికి పశువుల ఎరువు కలిపి నాటవలెను. స్నానాల గది నీటి కాలువను ఆ ప్రక్కకు మళ్లించిన, వేసవిలో విడిగా నీరు మోయు పని చాలవరకు తప్పును.