ఆగ్నేయ రైల్వే జనరల్ మేనేజర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

బొగ్గింజన్ల కాలంలో మా తాతలు శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ వర్క్‌షాపు పనికి వచ్చారు. ఆరేసిన బట్టల మీద మసి పడటం మా ఇంటి ముసలమ్మలకు ఇంకా గుర్తే. 2030కల్లా నికర కర్బన ఉద్గారాలు సున్నా చేస్తామని రైల్వే అంటోంది. మంచిదే. కరెంటు ఇంజన్లు వచ్చాక పట్టాల పక్కన పొగ తగ్గింది, డీజిల్ ఖర్చూ తగ్గింది. మరి కరెంటు ఎక్కడిది? హౌరా దారిలో కోలాఘాట్ బొగ్గు విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు చూడండి. మసి మా దండెం మీంచి అక్కడివాళ్ల దండెం మీదికి మారింది, అంతే!

పైగా సరుకు రవాణాలో రైల్వేకు పెద్ద రాబడి బొగ్గుదే. అది తగ్గిన రోజు లోటు ఎవరి నెత్తిన? డీజిల్ షెడ్డు కుర్రాళ్ల నెత్తిన మాత్రం వెయ్యకండి. ఎలక్ట్రిక్ ఇంజన్ల పని వాళ్లకు ఈ ఊళ్లోనే నేర్పించండి.

ఇట్లు,
ఓ రైల్వే కుటుంబీకుడు, ఖరగ్‌పూర్