కెరటమును గణించు సూత్రము
స్వీడను పశ్చిమతీరమున లీసెకిల్ సమీపమందు 2006వ సంవత్సరమున ఉప్సాలా విశ్వవిద్యాలయమువారు సముద్రగర్భమున నిలిపిన విద్యుజ్జనకయంత్రము, నీటిపై తేలు బోయాకు త్రాటితో బంధింపబడి, తనలోని చలనభాగము కెరటముతోపాటు పైకిని క్రిందికిని కదలగా, గేరుపెట్టెతో పనిలేకయే శాశ్వతాయస్కాంతముల సరళచలనమునుండి నేరుగా విద్యుత్తును పుట్టించినది. అట్టి యంత్రముల స్వభావమును సూత్రరూపమున నిరూపించు విశ్లేషణగణితమును, కంప్యూటరు వచ్చినదిగదా యని, కాలము చెల్లిన పరిశ్రమగా నెంచుట నాకు మిక్కిలి ఖేదము గలిగించుచున్నది. యంత్రమును వేలకొలది ముక్కలుగా విభజించి లెక్కించు ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క జవాబు నిచ్చును. ఇనుము సంతృప్తి చెందినచోటను, కొసలయందు క్షేత్రము చెదరుచోటను దాని సాయము లేక సాగదు. అయినను, గాలిసందునందు లాప్లాసు సమీకరణమును, అయస్కాంతములయందు పాయిసాను సమీకరణమును నిలిపి, క్షేత్రమును ఫోరియే శ్రేణిగా విస్తరించి, స్టేటరు గాడుల ప్రభావమును కార్టరు గుణకముచే గ్రహించినవానికి, జనించు వోల్టేజి, అభివాహము స్థానమును బట్టి మారు రేటునకును వేగమునకును లబ్ధమనియు, అందుచేతనే దాని పరిమాణమును పౌనఃపున్యమును రెండును క్షణక్షణము మారుననియు, చలనము దిశ మార్చుకొను ఘడియలో వేగము శూన్యమై వోల్టేజి అణగిపోవుననియు ఒక్క పంక్తిలో కన్నులకు గట్టును. కెరటముతో కదలు చలనభాగపు వేగము సెకనునకు ఒక మీటరు ప్రాంతముననే యుండుటచే, కోరిన శక్తికి బలము అత్యధికముగా కావలయును గనుక, అయస్కాంతపు మందమెంత, ధ్రువముల యెడమెంత, గాలిసందెంత యను తొలి నిర్ణయములను విద్యార్థి సాఫ్టువేరు తెరచుటకు ముందే కాగితముపై తానే సాధించి చూచుకొనవలయునని నా దృఢాభిప్రాయము.