తీసుకోని రొట్టె

పరమతస్థుల ప్రార్థనాస్థలానికి వెళ్ళినప్పుడు మనవాళ్ళు సాధారణంగా రెండింటిలో ఒకటి చేస్తారు. గుమ్మం దగ్గరే ఆగిపోతారు. లేదా లోపలికి వెళ్ళి, ఏది పెడితే అది కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుని, "అందరు దేవుళ్ళూ ఒక్కటేనండీ" అనుకుంటూ బయటికి వస్తారు. ఈ రెండవదాన్ని ఔదార్యమని చెప్పుకుంటాం. నా దృష్టిలో అది బద్ధకానికే దగ్గర. పెట్టినవారు ఆ ముద్దకు ఏ అర్థం చెప్పుకున్నారో తెలుసుకునే శ్రమ అందులో లేదు.

ఈ అభిప్రాయం నాకు గట్టిపడింది 2018 వసంతంలో, ఇజ్రాయెల్‌లోని తిబెరియ పట్టణంలో. హైదరాబాదు నుంచి ముప్పైమందిమి వెళ్ళిన యాత్ర అది. ఎక్కువమంది లూథరన్, బాప్టిస్టు సంఘాలవారు, క్రైస్తవేతరులం అయిదారుగురం. శనివారం యూదులకు విశ్రాంతిదినం గనుక దుకాణాలు మూతబడ్డాయి, ఊరి బస్సులు ఆగిపోయాయి. నిర్వాహకుడు ఆ పూట మాకూ సెలవిచ్చాడు. హోటలులో పరిచయమైన అమెరికన్ దంపతులు తాము మోర్మన్ల ఆరాధనకు వెళ్తున్నామన్నారు. మేమూ రావచ్చునా అని అడిగింది మేమే. నలుగురం బయలుదేరాం.

ఇక్కడ పేరు గురించి ఒక మాట. అదే ఏడు అక్టోబరులో, ఆ సంఘపు అప్పటి అధ్యక్షుడు రసెల్ నెల్సన్ తమను మోర్మన్లని పిలవవద్దనీ, కడవరి దిన పరిశుద్ధుల యేసుక్రీస్తు సంఘమనే పూర్తి పేరుతో వ్యవహరించమనీ కోరారు. పాఠకులు ఆనవాలు పడతారని పాత పేరు ఒక్కసారి వాడాను.

శనివారం నాడు చర్చి ఏమిటన్న సందేహం మాకూ వచ్చింది. ప్రపంచంలో చాలాచోట్ల వీరు ఆదివారమే కూడుతారు. ఇజ్రాయెల్‌లో మాత్రం శనివారం, ఈజిప్టులో శుక్రవారం. ఊరు ఏ రోజు విశ్రమిస్తే ఆ రోజే వారికీ ఆరాధన. పండుగ ఈవేళా రేపా అని ఏటా పంచాంగాలు పట్టుకుని కొట్టుకునే మనకు ఇది వింతగానే తోస్తుంది.

పాతికమందికి మించని సభ. అందులో సగం మాలాంటి బాటసారులే. గోడ మీద సిలువ లేదు. అంగీ తొడుక్కున్న పాదిరి లేడు. స్థానిక సంఘాలలో జీతం పుచ్చుకునే బోధకులు వీరికి ఉండరు. ఆ రోజు ప్రసంగించింది ఒక గృహిణి, ఆమె తరువాత ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు. ఆమె కాగితం చూసి చదువుతూ రెండుసార్లు తడబడింది. ప్రసంగాలు గొప్పగా ఉన్నాయని అనలేను. కానందా పళ్ళెం కూడా తిరగలేదు.

అసలు ఘట్టం అంతకుముందే జరిగింది. రొట్టెను ముక్కలు చేశాక, 17 ఏళ్ళుండవచ్చు, ఒక కుర్రవాడు మోకరిల్లి ప్రార్థన చదివాడు. మధ్యలో ఒక మాట తప్పింది. పక్కన కూర్చున్న పెద్ద తల అడ్డంగా ఊపాడు. కుర్రవాడు మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. ఆ ప్రార్థన అక్షరం పొల్లుపోకుండా చెప్పాలని వారి నియమమట. ఒక్క స్వరం తప్పడంతో త్వష్ట చేసిన యజ్ఞం వృత్రుడికే ఎదురుతిరిగిన కథ వింటూ పెరిగిన వాణ్ణి, నా వీపు దానంతట అదే నిటారయింది.

ఆ ప్రార్థనలో ఉన్నది ఒక ప్రతిజ్ఞ. ఈ రొట్టె తినేవారు క్రీస్తు నామాన్ని తమపై ధరిస్తామనీ, ఆయనను ఎల్లప్పుడూ తలుస్తామనీ, ఆజ్ఞలు పాటిస్తామనీ దేవుడి ఎదుట సాక్ష్యమిస్తున్నారు. రొట్టె వెనుక చిన్న గ్లాసులలో నీళ్ళు వచ్చాయి, ద్రాక్షరసం వాడరు. కొత్తవారు తీసుకున్నా ఎవరూ వారించరు. కానీ పళ్ళెం నా చేతికి వచ్చేసరికి ప్రార్థన చెవిలో ఇంకా వినిపిస్తూనే ఉంది. నేను చేయని ప్రమాణానికి గుర్తును నేనెలా నమలను? పక్కవారికి అందించాను. ప్రసాదం వద్దంటే అపచారమని నేర్చుకున్న చేతులకు అది తేలిక పని కాదు.

నిగ్రహం అతిథుల వంతు మాత్రమే కాదు. తెల్లచొక్కా, టై, పేరు బిళ్ళతో జంటలుగా తిరిగే యువ ప్రచారకులకు పేరుపడ్డ సంఘమిది. 2012లో భారతదేశంలోని తొలి 'స్టేక్' (అనేక శాఖల కూడలి) హైదరాబాదులోనే ఏర్పడింది. అటువంటివారు ఇజ్రాయెల్‌లో మతప్రచారం చేయరు. జెరూసలేంలో బ్రిగం యంగ్ విశ్వవిద్యాలయం విద్యాకేంద్రం కడుతున్నప్పుడు, మతం మారుస్తారన్న భయంతో ఛాందస యూదులు పెద్దఎత్తున అడ్డుపడ్డారు. ప్రచారం చేయబోమని మాట ఇచ్చాకనే పని సాగి, 1989లో అది ప్రతిష్ఠితమైంది. ఆ మాట తిబెరియలోనూ కనిపించింది. మా మిత్రుడు వారి గ్రంథమొకటి ఇమ్మని అడిగితే ఒకావిడ నవ్వి, ఇక్కడ ఇవ్వలేమనీ, మీ దేశంలో అడిగి తీసుకోమనీ చెప్పింది. చెప్పాలని ఉండీ చెప్పకుండా ఊరుకోవడం ఎంత కష్టమో ఆవిడ ముఖంలో కనబడింది.

సాయంత్రం మాలో వాదం లేచింది. నాతో వచ్చిన మిత్రుడు రొట్టె తిన్నాడు. "భక్తితో పెట్టారు, భక్తితో తిన్నాను, తప్పేముంది?" అన్నాడు. లూథరన్ సంఘపు పెద్దాయన ఒకరు మండిపడ్డారు: "వాళ్ళు త్రిత్వాన్ని మనలా ఒప్పుకోరండీ, బైబిలు పక్కన ఇంకో గ్రంథం పెట్టుకున్నారు. అసలు మీరు వెళ్ళడమే తప్పు." మిత్రుడి మనసు మంచిదే. పెద్దాయన తలుపులు మూసే ధోరణి నాకు మింగుడుపడదు. అయినా ఆ ఇద్దరిలో ఆ రొట్టెను నిజంగా లెక్కచేసింది పెద్దాయనేనని ఇప్పటికీ అనుకుంటాను. ఆ మాట మిత్రుడితో అంటే రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.