దుమ్ము ఎవరిది?

మావారికి నలభై దాటాక ఒక ముచ్చట పుట్టింది. ఇంట్లో సి.ఎన్.సి. రౌటర్ పెట్టుకోవాలని. కంప్యూటర్లో బొమ్మ గీసిస్తే, గిర్రున తిరిగే మొనతో చెక్కమీద అదే బొమ్మ చెక్కిపెట్టే చిన్న యంత్రం అది. ఇరవై వేల పైచిలుకు పోసి తెప్పించారు. "ఇప్పుడిది మనకి అవసరమా అండీ?" అంటే, "హాబీకి అవసరమేమిటోయ్!" అన్నారు. నేను కథ రాసుకుందామని కూర్చుంటే మాత్రం, పొయ్యిమీద ఏమైనా పెట్టి మర్చిపోయావా అని ఇంట్లో ముగ్గురూ అడుగుతారు. సరే, అది వేరే కథ.

బిగించడానికి రెండు ఆదివారాలు పట్టింది. చెక్కే మేర 30 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు. చట్రం మూలమట్టానికి ఉందో లేదో ఈ మూల నుంచి ఆ మూలకి టేపు పట్టి చూడాలి. 100 మిల్లీమీటర్లు జరగమంటే అంతే జరుగుతోందా అని స్కేలు పెట్టి సరిచూడాలి. ఇవన్నీ ఆయన శ్రద్ధగానే చేశారు, అబద్ధమెందుకు? పెట్టిన చోటే బాగాలేదు. బట్టలారేసే వెనక బాల్కనీ!

మొదట ఎం.డి.ఎఫ్. పలకమీద మా ఇంటి నంబరు చెక్కారు. అంకెలు ముద్దుగా వచ్చాయి. ఆయన ఫొటో తీసి స్నేహితులందరికీ పంపుకున్నారు. ఆరేసిన బట్టలమీద, తులసికోటమీద, వంటగట్టుమీద మైదాపిండిలా పొడి. చీపురు ఎవరి చేతికొచ్చిందో వేరే చెప్పాలా? ఆ రాత్రి మా అత్తయ్యకి ఆయాసం ఎక్కువైంది. ఆ పొడివల్లేనని నేను తేల్చి చెప్పలేను. తెల్లవార్లూ ఆవిడ వీపు రాస్తూ కూర్చున్నది మాత్రం నేను.

మర్నాడు చదివాను. ఎం.డి.ఎఫ్. అంటే చెక్కపీచుని జిగురుతో అదిమి చేసిన పలక. ఆ జిగురులో మామూలుగా ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్కపొడిని, 2004లో ఫార్మాల్డిహైడ్‌ని మనుషులకి క్యాన్సర్ తెచ్చేవాటిలో చేర్చింది. ఏళ్లతరబడి ఆ పనిలోనే ఉన్నవాళ్లని చూసి చెప్పిన మాట అది, నిజమే. కానీ ఆయాసం ఉన్న పెద్దావిడ పక్కగదిలో ఉండగా ఆ లెక్కలు నాకెందుకు? పైగా చీపురుతో ఊడిస్తే సన్నపొడి మళ్లీ గాల్లోకే లేస్తుందట. అంటే శుభ్రం చేస్తున్నాననుకుంటూ ఎక్కువ పీల్చింది నేనే.

ఇంట్లో పెద్ద గొడవే అయింది. చివరికి యంత్రం చుట్టూ ప్లైవుడ్డు పెట్టె, దానికి తలుపు, సన్నపొడిని పట్టే హెపా ఫిల్టరున్న వాక్యూమ్ క్లీనరు వచ్చాయి. దగ్గరుండేవాళ్లకి మాస్కు, కళ్లద్దాలు. ఎం.డి.ఎఫ్. బంద్. నడిచేది ఆదివారం పది నుంచి పన్నెండు దాకానే. ఎవరు నడిపితే వాళ్లే తుడవాలి.

ఇక్కడే అసలు సంగతి. మొదట్లో ఆయన "నువ్వు చెయ్యి పెట్టకు, పాడవుతుంది" అనేవారు. ఒకరోజు అది కీచుమని అరుస్తూ మధ్యలో ఆగిపోయింది. కొత్త మోటారు కొనాలేమోనన్నారు. నేను తలుపు తీసి చూస్తే, పొడవాటి మరచుట్లలో పొడి గట్టిగా పేరుకుపోయి ఉంది. స్విచ్ ఆపించి, పాత టూత్‌బ్రష్షుతో దులిపి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసి, మిగిలింది గుడ్డతో తుడిచేశాను. నూనె ఎక్కువైతే పొడి ముద్దకడుతుంది. మళ్లీ సాఫీగా నడిచింది. పదిహేనేళ్లుగా నా కుట్టుమిషన్‌కి నేను చేస్తున్నది ఇదే! దాన్ని ఎవరూ ఇంజనీరింగ్ అనలేదు. ఆడవాళ్ల చేతిలో ఉన్న యంత్రం ఇంటిపని, మగవాళ్ల చేతిలోది టెక్నాలజీ. ఇదెక్కడి లెక్కండీ?

అందుకే నేనూ నేర్చుకున్నాను. జి1 అంటే చెప్పిన వేగంతో కోస్తూ జరుగు, ఎం5 అంటే మొన తిరగడం ఆపు. క్రోషా పుస్తకంలో గుర్తులు చదివిన మనకి ఇదేం బ్రహ్మవిద్య కాదు. అయితే ఒకటి. కొంగు బిగించి దోపుకోవాలి, జడ ముడివేసుకోవాలి, గాజులు తీసేయాలి, చున్నీ అసలే వద్దు. తిరిగే మొన దేన్నయినా చుట్టుకుంటుంది. చేతికి గ్లౌజులు కూడా వద్దు, అవీ చిక్కుకుంటాయి. అది నడుస్తుండగా పప్పు చూసి వస్తానని వంటింట్లోకి వెళ్లకండి.

పోయిన నెల మా అమ్మాయి చున్నీ అంచుకి అద్దడానికి టేకుముక్కమీద మామిడిపిందెల అచ్చు చెక్కాను. పెడనలో కలంకారీ అచ్చులు చేత్తో చెక్కేవాళ్లు చూస్తే నవ్వుతారేమో. అద్దకంలో ఎడమ కుడవుతుందని మర్చిపోయి బొమ్మని తిరగేయలేదు, పిందెలన్నీ అటువైపు వంగాయి. ఈ ఆదివారం మళ్లీ నా వంతు. తుడవడమూ నాదే, ఒప్పుకున్నాను. ఆ రెండు గంటలూ పొయ్యిమీద ఏముందో ఆయన చూసుకుంటారు.